మీకు తెలుసా? లిఫ్ట్ చేసిన జీప్‌లో స్టీరింగ్ ఆడితే...

జీప్ రాంగ్లర్ జేకే (2007–2018)కి 3, 4 అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించాక స్టీరింగ్ ఆడుతుంటే చాలామంది ముందుగా స్టీరింగ్ బాక్సునే అనుమానిస్తారు. పాపం, చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. మొదట చూడాల్సింది ముందు ఇరుసు పక్కకు జరగకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే ట్రాక్ బార్. దాని బోల్టు వదులైతే బ్రాకెట్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోతుంది. ఆపై ఎంత బిగించినా నిలవదు.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండిని చక్రాల మీదే నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఒకరు స్టీరింగ్‌ను అటూఇటూ కొద్దిగా తిప్పాలి. మరొకరు ట్రాక్ బార్ చివరలు, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే డ్రాగ్ లింక్, టై రాడ్ ఎండ్లు గమనించాలి. బ్రాకెట్ కదలకుండా బోల్టు మాత్రమే జరిగితే దొంగ దొరికినట్టే. ఇవేవీ చూడకుండా కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే వణుకు కొన్నాళ్లు కనబడదు, అంతే.

కీళ్లన్నీ గట్టిగానే ఉన్నా బండి రోడ్డు మీద అటూఇటూ పోతోందా? క్యాస్టర్ కోణం, అంటే ముందు చక్రాలు తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం, కొలిపించండి. కంపెనీ నుంచి సుమారు 4 డిగ్రీలుండే ఆ కోణం లిఫ్ట్‌తో తగ్గుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను సరిగా వెనక్కి రాదు. కాస్త పొడవైన లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లు వేస్తే కోణం మళ్లీ పెరుగుతుంది.