పెరటి గోరింటపొద – తేనెటీగలు

సంఘ సభ్యులలో కొందరు రెండు మాసములుగా నన్నొక ప్రశ్న అడుగుచున్నారు. “పెరటిలోని గోరింట మితిమీరి పెరిగినది. బావికి బోవు త్రోవ మూసికొనిపోయినది. నరుకుదమన్నచో లోపల తేనెటీగలు గుయ్యిమని మ్రోగుచున్నవి. ఏమి చేయవలెను?” అని వారి సందేహము. కిరసనాయిలు పోసి కాల్చుదమని ఒకరనిరి. ప్రత్తికై తెచ్చిన పురుగుమందు మిగిలియున్నది గనుక దానినే చల్లుదమని మరియొకరనిరి. ఈ రెండును కూడని పనులు. ఏల కూడవో, వానికి మారుగా ఏమి చేయవలెనో ఈ వ్యాసమున తెలిపెదను.

గోరింట మన పెరళ్లకు మిక్కిలి అనువైన మొక్క. ఒకమారు నాటుకొన్నచో నీటి కొరతను సహించును. ఎంత నరికినను మోడునుండి మరల చిగిర్చును. ఆషాఢమాసమున ఆడుబిడ్డలకు ఆకు కావలెను గనుక దానిని వేరుతో పెరికివేయుటకు ఏ యింటివారికిని మనసొప్పదు. ఇట్లు రెండు మూడేండ్లు కత్తి తగులకున్నచో అది నిలువెత్తు దాటి గుబురుగా నల్లుకొనును. అడుగున ఎండుటాకు పేరుకొనును. ఆ చెత్తలో ఎలుకలు చేరును. ఎలుకల వెంట పాములు వచ్చును. పసిబిడ్డలు తిరుగు పెరటిలో దీనిని ఉపేక్షింపరాదు. కాబట్టి పొదను అదుపులో నుంచుట అవసరమే. అయితే పొదను అదుపులో నుంచుట వేరు. దానిని ఆశ్రయించిన ఈగలను చంపుట వేరు.

మొదట చూడవలసినది

కత్తి పట్టుటకు ముందు రెండుదినములు పొదను దూరమునుండి గమనింపవలెను. గోరింటపూవు సువాసన గలది. పూత కాలమున ఎక్కడెక్కడి ఈగలో వచ్చి పొదనంతయు క్రమ్ముకొనును. ఇవి మేతకు వచ్చిన ఈగలు. ప్రొద్దు గ్రుంకునప్పటికి ఒక్కటియు నుండదు. పూవుపై నున్న ఈగ తనను నలిపిన వారిని తప్ప ఒరులను కుట్టుట అరుదు. పొదలో నున్నవి ఇట్టి ఈగలే యైనచో చేయవలసినది ఏమియు లేదు. పూత రాలువరకు ఓపిక పట్టి పిదప నరికికొనవచ్చును.

అట్లుగాక చీకటిపడిన తరువాతను లోపల ఈగలున్నచో, పగటివేళ అవి ఒకే సందుగుండ వచ్చుచు పోవుచున్నచో, అక్కడ పట్టు ఉన్నదని తెలియవలెను. అప్పుడు ఆ పట్టు ఏ జాతిదో పోల్చుకొనవలెను.

ఈగల జాతులు

పొదలలో సాధారణముగా పట్టు పెట్టునది చిరు తేనెటీగ. ఇది తేనెటీగలలో మిక్కిలి చిన్నది. సన్నని కొమ్మను చుట్టి ఒకే యొక పట్టు వ్రేలాడదీయును. ఆ పట్టు అరచేయి మొదలు రెండరచేతుల వెడల్పు వరకు నుండును. కొమ్మను అంటుకొనియున్న పైభాగమున తేనెయు, క్రిందిభాగమున పిల్లపురుగులును ఉండును. పట్టు కంటికి కనబడకుండ ఈగలు దానిపై తెరవలె వ్రేలాడుచుండును. చీమలు రాకుండ కొమ్మకు రెండు వైపులను జిగురుపట్టీ పూసికొనును. ఈ ఈగ కుట్టును గాని దాని పోటు ఇతర తేనెటీగల పోటుకంటె స్వల్పము. త్వరపడి మీదికి రాదు.

రెండవది తొర్రలలో నుండు తేనెటీగ. చెట్టు తొర్ర, గోడసందు, పాతకుండ మున్నగు చీకటిచోట్ల ఒకదాని ప్రక్క నొకటిగా పెక్కు పట్లు పెట్టును. ఈ జాతిని పెట్టెలలో పెంచుదురు. దీనికి తగిన చిన్న పెట్టెను 1910 ప్రాంతమున తిరుచిరాపల్లిలో న్యూటన్ అను క్రైస్తవ గురువు సిద్ధపరచెను. ఆ పెట్టె నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. గోరింట మొదట పాతకుండ పడియుండి దానిలో ఈ ఈగలున్నచో పెట్టెలు పెట్టినవారికి కబురుచేయుడు. వారు సంతోషముగా కొనిపోవుదురు. 1991–92 ప్రాంతమున థాయి సాక్‌బ్రూడ్ అను వైరస్ తెగులు సోకి దక్షిణదేశమున ఈ జాతి ఈగల పెట్టెలు అసంఖ్యాకముగా నాశనమైనవి. అట్టి దెబ్బ తిని నిలిచిన ఈగను మనము చేజేత చంపుట తగదు.

మూడవది పెద్ద తేనెటీగ. ఎత్తైన చెట్లకు, నీటిట్యాంకులకు, మేడల చూరులకు మూరెడు మొదలుకొని అంతకు మించిన పొడవుగల పట్టును బయలుగా వ్రేలాడదీయును. ఇది పొదలలో నుండదు. కాని పొద ప్రక్కనున్న చెట్టున ఉండవచ్చును. పొదకు నిప్పు పెట్టినచో ఆ పొగ చెట్టునకు తగులును. అప్పుడు ఈగలు గుంపులుగా దిగి మనుష్యులను, పశువులను వెంబడించి కుట్టును. ప్రాణములు పోయినను పోవును. కాబట్టి పని మొదలిడుటకు ముందు తలయెత్తి చుట్టునున్న చెట్లను చూడుడు.

ఇవిగాక కందిరీగ కలదు. దాని గూడు బూడిదరంగు కాగితమువలె నుండును. అందు తేనె యుండదు. దానిని తేనెపట్టని భ్రమించి చేయిపెట్టరాదు.

నా పొరపాటు

ఈ విషయమున నేను చేసిన తప్పొకటి చెప్పక తీరదు. నేను ఈ పనిలో చేరిన క్రొత్తలో డెల్టాలోని ఒక గ్రామమున ఒక రైతు తన పెరటి గోరింటను చూపి సలహా అడిగెను. పట్టు చిరు తేనెటీగదే. అతని తల్లి, “కొన్నాళ్లుండి అవే పోవును, నాయనా, ఉండనిండు” అనెను. చదువుకొన్నవాడను గదా అను గర్వముచేత నేనామె మాటను లక్ష్యపెట్టక, చీకటిపడిన పిమ్మట దివిటీతో కాల్చివేయుమని చెప్పితిని. అట్లే చేసిరి. తెల్లవారునప్పటికి పొద మాడి మోడైనది. దాని క్రింద చచ్చిన ఈగలు చేటెడు పోగైనవి.

ఆ ప్రక్క పెరటిలో ఒక వితంతువు దోసపాదు వేసికొని, ఆ కాయలు వారపు సంతలో అమ్మి జీవించుచుండెను. మూడు వారములకు ఆమె నన్ను పిలిపించి, “బాబూ, తీగ చక్కగా నున్నది, పూవులు పూయుచున్నవి, పిందె మాత్రము నిలుచుట లేదు. ఇది ఏమి తెగులు?” అని అడిగెను. ఆకు తిప్పి చూచితిని, కాండము చీల్చి చూచితిని, తెగులు లేదు. పిందెలు వ్రేలెడు కాకమునుపే పసుపుబారి రాలుచుండెను. మరునాటి ఉదయము ప్రొద్దు బారెడెక్కువరకు పాదువద్ద కూర్చుంటిని. పూవులపై ఒక్క ఈగయు వ్రాలలేదు. చుట్టునున్న ప్రత్తిచేలకు ఆ దినములలో మందు చల్లుచుండిరి; అటనుండి వచ్చు ఈగలు ముందే సన్నగిల్లినవి. మిగిలిన పట్టును నేను కాల్పించితిని.

దోసలో మగపూవు వేరు, పిందెతో కూడిన ఆడుపూవు వేరు. పుప్పొడి జిగటగా నుండుటచేత గాలికి ఎగిరిపోదు. ఈగయే దానిని మోసికొని రావలెను. ఒకమారు వచ్చిపోయినను చాలదు. పెక్కుమారులు ఈగలు వ్రాలిననే కాయ నిండుగా తీరును, లేకున్న వంకర తిరుగును. అప్పుడు నేను మగపూవులు కోసి, రేకులు ఒలిచి, నా చేతులతో ఆడుపూవులకు అంటించి గుర్తుగా దారములు కట్టితిని. దారము కట్టిన పిందెలు నిలిచినవి, కట్టనివి రాలినవి. ఇక సందేహమునకు తావు లేదు.

ఆమెతో నిజము చెప్పితిని. ఆమె కోపపడలేదు. “మరల వచ్చునా బాబూ, ఆ ఈగలు?” అని మాత్రము అడిగెను. ప్రతిదినము ఉదయమున పూవులకు పుప్పొడి ఎట్లంటింపవలెనో ఆమెకు నేర్పి వచ్చితిని. అయినను ఆ పంటలో మొదటి కోతల సొమ్ము ఆమెకు తిరిగి రాలేదు. పొద ఒకరిది, పెట్టించిన నిప్పు నాది, నష్టము ఆమెది. ఈగ మన పెరటి హద్దు నెరుగదు గనుక మన పెరటిలో చేయు పనికి ఫలము పొరుగువారి పెరటిలో కనబడును. దోసయే గాదు, కాకర, గుమ్మడి, నువ్వు, ప్రొద్దుతిరుగుడు, ధనియాలు, విత్తనపు ఉల్లి – వీనికన్నిటికిని ఈగల సహాయము వలన దిగుబడి కలుగుచున్నది.

పొదను నరుకు విధము

పొదలో చిరు తేనెటీగ పట్టు ఉన్నచో ఈ క్రమమును అనుసరింపుడు.

1. పట్టు ఉన్నచోటు గుర్తించి, దాని చుట్టు నాలుగు వైపుల బారెడు మేర కొమ్మలు ముట్టక విడువుడు. గుర్తునకు దూరమునుండి కనబడునట్లు ఒక కఱ్ఱకు గుడ్డపీలిక కట్టి నాటుడు.

2. పట్టునకు దూరముగా నున్న ప్రక్కనుండి నరుకుట ఆరంభింపుడు. గొడ్డలితో మొదలు అదరగొట్టరాదు; పొదయంతయు కదలిన ఈగలు కలతపడును. పదునైన కొడవలితోగాని చేతిరంపముతోగాని ఒక్కొక్క కొమ్మను కోసి మెల్లగా బయటికి తీయుడు. బావి త్రోవను తెరచుటకు ఈమాత్రము చాలును.

3. మోకాలియెత్తు వరకు క్రింది కొమ్మలన్నియు తీసివేసి అడుగున చెత్త నూడ్చివేయుడు. వెలుతురును గాలియు సోకినచోట ఎలుకలుగాని పాములుగాని నిలువవు. చెత్త తీయునప్పుడు చేతితో గాక పొడుగు కఱ్ఱతో లాగుడు. పట్టు క్రిందిభాగమును మాత్రము తరువాతి కొరకు విడువుడు.

4. పని చల్లని ఉదయమున గాని సాయంకాలమున గాని చేయుడు. ఒడలినిండ బట్ట కట్టుకొని తలకు ముఖమునకు పలుచని గుడ్డ చుట్టుకొనుడు. పిల్లలను లోపలికి పంపుడు. పశువులను విప్పి దూరముగా కట్టుడు. పొరుగువారికి ముందుగా చెప్పుడు.

5. చిరు తేనెటీగ ఒకచోట ఏండ్లతరబడి నిలుచునది కాదు. ఎండ ముదిరినను, మేత తగ్గినను, పట్టు విడిచి వేరొకచోటికి లేచిపోవును. ఆ రైతు తల్లి చెప్పిన మాట అక్షరాల నిజము. ఈగలు లేచిపోయిన వెంటనే పాతపట్టును తీయక కొన్నిదినములు ఉంచుడు. దగ్గరనే దిగినచో అవి మరల వచ్చి పాత మైనమును క్రొత్త పట్టునకు మోసికొనిపోవును. పిమ్మట విడిచిన భాగమును నరికికొనవచ్చును.

6. పట్టు సరిగా త్రోవపైననే ఉండి ఆగుటకు వీలులేనిచో, చీకటిపడి ఈగలన్నియు చేరిన తరువాత, పిడకపొగ కొంచెము చూపి, పట్టున్న కొమ్మను రెండు వైపుల కోసి, తలక్రిందులు కాకుండ ఉన్నది ఉన్నట్లే పట్టుకొని, ఆ పెరటిలోనే నీడగల వేరొక కొమ్మకు కట్టవచ్చును. ఇది చేయి తిరిగినవారు చేయవలసిన పని. అట్లు కదలించిన పట్టును ఈగలు విడిచిపోవుట కలదు గనుక దీనిని కడపటి ఉపాయముగా నెంచుడు.

పొదనంతయు ఒకేమారు నరుకక మూడు భాగములుగ చేసి ఏటికొక భాగము నరుకుట మేలు. ఇందువలన ఆషాఢమునకు లేతాకు దొరకును. ఈగలకు పూవులును ఉండును. పొదయు అదుపు తప్పదు.

పురుగుమందు పూతపై ఎన్నడును చల్లరాదు. ఆ విషము ఈగతో పట్టునకు, పట్టునుండి తేనెకు చేరును; ఆ తేనె మన బిడ్డలే నాకుదురు. గోరింటాకు చేతులకు పెట్టుకొను వస్తువని కూడ మరువకుడు. చేలలో సయితము పూతకాలమున మందు తప్పనిసరియైనచో ఈగలు ఇల్లు చేరిన తరువాత, ప్రొద్దు గ్రుంకిన పిదపనే చల్లుడు.

ఈగ కుట్టినచో

ముల్లు చర్మమున దిగి, ఈగ పోయిన తరువాతను విషము నెక్కించుచునే యుండును. కావున గోటితో గీరియో మరి ఏ విధముగనో తక్షణము తీసివేయుడు. ఆలస్యము చేయకుటయే ముఖ్యము. అక్కడనుండి దూరముగా పొండు. కుట్టిన ఈగ విడుచు వాసన తక్కిన ఈగలను అచటికే పిలుచును. చోటును సబ్బునీటితో కడిగి చల్లని తడిగుడ్డ వేయుడు. ఊపిరాడకున్నను, ఒడలెల్ల దద్దుర్లెక్కినను, పెదవులు నాలుక వాచినను, కన్నులు తిరిగి పడిపోయినను, పెక్కు ఈగలు కుట్టినను, పసరు వైద్యములతో కాలము పుచ్చక వెంటనే ఆసుపత్రికి కొనిపోవుడు. పెద్ద తేనెటీగలు తరిమినచో ముఖము కప్పుకొని పరుగెత్తి ఇంటిలో దూరి తలుపు వేసికొనుడు. బావిలో దూకుట ప్రమాదము. ఈగలు పైననే తిరుగుచుండును, లోపలివాడు మునిగిపోవును.

నేను కాల్పించిన గోరింట మోడు మరుసటి వానలకు చిగిర్చినది. దానికి పూత వచ్చిన పిమ్మట ఒకమారు ఆ దారిని పోవుచు దోసపాదు దగ్గర నిలిచితిని. పూవులపై చిరు తేనెటీగలు వ్రాలియుండెను. ఆమె లోపలినుండి ఒక దోసకాయ తెచ్చి నా చేతిలో పెట్టెను. వెల ఇచ్చినను పుచ్చుకొనలేదు. అది మొదలు పొదకు నిప్పు పెట్టుమని నేను ఎవరికిని చెప్పలేదు. మీరును పెట్టవలదని కోరుచున్నాను.