సిడ్నీ రేవులో కింగ్‌ఫిష్ వేట: ఎరను నిరాకరించే చేప, జాలరి పరిశీలన

వ్యాససంగ్రహం:
ఎదుట ఉన్న ఎరను చూసి కూడా ముట్టకుండా తిరిగిపోయే చేపలలో ఆస్ట్రేలియా తూర్పుతీరపు ఎల్లోటెయిల్ కింగ్‌ఫిష్ పేరుపొందింది. సిడ్నీ రేవులో ఈ చేప ఎరను ఎందుకు నిరాకరిస్తుంది, దాని చేత ఎరను పట్టించడానికి గాలపు వేటగాళ్లు ఏ పద్ధతులను అనుసరిస్తారు అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. చేప నిరాకరణ వేటగాడికి అందే సమాచారమని, ఆ సమాచారాన్ని చదవగలగడమే ఈ వేటలోని నైపుణ్యమని ప్రతిపాదిస్తుంది. పట్టిన చేప విషయంలో పాటించవలసిన నియమాలను, ఆరోగ్య హెచ్చరికలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: కింగ్‌ఫిష్, వంజరం, గాలం, ఎర, సిడ్నీ రేవు, మత్స్యవేట, పదజాలం.

1. ఉపోద్ఘాతం:

‘ఎర చూపడం’, ‘గాలం వేయడం’, ‘గాలానికి చిక్కడం’ అనే తెలుగు జాతీయాలు వంచనను సూచిస్తాయి. వీటిలో గాలం వేసేవాడు తెలివైనవాడు, చిక్కినది అమాయక ప్రాణి. ఎర కనిపిస్తే చాలు, చేప మింగుతుందనే భావన వీటికి మూలం. గాలపు వేట తెలిసినవారి అనుభవం దీనికి భిన్నంగా ఉంటుంది. చేప ఎరను చూస్తుంది, దాని వెంట కొంతదూరం వస్తుంది, చివరి క్షణంలో పక్కకు తిరిగిపోతుంది. జాతీయం చెప్పే చేపకూ, నీటిలో ఉన్న చేపకూ మధ్య గల ఈ అంతరాన్ని సిడ్నీ రేవులోని కింగ్‌ఫిష్ స్పష్టంగా చూపుతుంది.

ఉద్యోగరీత్యా సిడ్నీలో స్థిరపడిన తెలుగువారికి ఈ చేప పేరు పరిచితమే. అయితే ఆ పరిచయంలో ఒక పొరపాటుకు అవకాశం ఉంది. ముందుగా దానిని పరిష్కరించుకోవడం అవసరం.

2. ఒకే పేరు, వేరు చేపలు:

భారతదేశంలోను, గల్ఫ్ దేశాలలోను ‘కింగ్‌ఫిష్’ అంటే సాధారణంగా వంజరం. ఉత్తర కోస్తాలో దీనినే కోనెం అంటారు. దీని శాస్త్రీయ నామం స్కాంబెరోమోరస్ కమర్సన్. ఇది కానగర్త, ట్యూనాలు చెందిన కుటుంబానికి చెందినది. ఇదే చేపను ఆస్ట్రేలియాలో ‘స్పానిష్ మాకెరెల్’ అంటారు. అక్కడ కింగ్‌ఫిష్‌గా పిలిచే చేప సెరియోలా లలాండి. ఇది మన తీరంలోని పారల కుటుంబానికి చెందినది. దీని వీపు నీలి ఆకుపచ్చ రంగులో, పొట్ట వెండి రంగులో, తోక పసుపు రంగులో ఉంటాయి. పక్కన తల నుంచి తోక వరకు ఒక పసుపు చార సాగుతుంది.

చేపల పేర్ల విషయంలో తెలుగుకు ఒక విశిష్ట స్థానం ఉంది. పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వివరణలను 1803లో చిత్రాలతో ప్రచురించినప్పుడు స్థానిక నామాలను కూడా నమోదు చేశాడు. కానగర్త శాస్త్రీయ నామమైన ‘రాస్ట్రెల్లిగర్ కానగుర్త’లో తెలుగు మాట నేటికీ నిలిచి ఉంది. ఒక చేపకు సరైన పేరు తెలియడమంటే దాని కుటుంబాన్ని, ఆహారాన్ని, నడతను తెలుసుకునే దారి తెరుచుకోవడం. వంజరం వేటలోని అనుభవాన్ని యథాతథంగా సిడ్నీ కింగ్‌ఫిష్‌కు అన్వయిస్తే వేట ఫలించకపోవచ్చు.

3. రేవు - రుతువు - ఆవాసం:

సిడ్నీ రేవు పూర్వం ఒక నదీలోయ. సముద్రమట్టం పెరిగి లోయ మునిగిపోవడం వల్ల అనేక శాఖలు గల లోతైన జలాశయంగా ఏర్పడింది. ఉత్తరం నుంచి తీరం వెంట వచ్చే తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం వెచ్చని నీటిని తెస్తుంది. అక్కడి వసంతకాలం ముదిరే అక్టోబరు, నవంబరు నెలల నుంచి శరత్తు వరకు కింగ్‌ఫిష్ గుంపులు రేవులో ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ చేపకు నిలువైన ఆధారాలంటే ఇష్టం. ఓడలకు దారి చూపే బురుజులు, తేలియాడే బోయాలు, రేవు స్తంభాలు, నీట మునిగిన రాతి దిబ్బలు దీని స్థావరాలు. రేవు ముఖద్వారానికి లోపల ఉన్న ‘సో అండ్ పిగ్స్’ రాతిదిబ్బ, ఆకారాన్ని బట్టి ‘వెడ్డింగ్ కేక్’ అని పిలిచే దారి బురుజులు వేటగాళ్లకు సుపరిచితాలు. ఆధారం చుట్టూ చిన్న చేపలు చేరతాయి. వాటి కోసం కింగ్‌ఫిష్ వస్తుంది. ఆటుపోట్ల ప్రవాహం ఆధారాన్ని తాకే వైపున ఇది తరచుగా కాపు వేస్తుంది. కాబట్టి ఒకే బురుజు వద్ద ఉదయం ఒక వైపున, పోటు మారాక మరొక వైపున ఎర వేయవలసి వస్తుంది.

4. నిరాకరణకు కారణాలు:

కింగ్‌ఫిష్ ఎరను ముట్టకపోవడాన్ని కేవలం చపలత్వంగా భావించడం సరికాదు. పరిశీలించదగిన కారణాలు మూడు.

మొదటిది ఆహారం. గుంపు ఒకే రకమైన ఆహారాన్ని వేటాడుతున్నప్పుడు ఆ పరిమాణానికి, ఆకారానికి భిన్నమైన వాటిని తరచుగా పట్టించుకోదు. వేలెడంత పొడవు కూడా లేని, అద్దంలా పారదర్శకమైన చిన్న చేపలను తింటున్న గుంపు ముందు జానెడు కృత్రిమ చేపను లాగినా ఫలితం ఉండదు. నీటి ఉపరితలం మరుగుతున్నట్లు కనిపిస్తుంది. వేటగాడికి మాత్రం ఒక్క చేపా అందదు.

రెండవది చూపు. ఇది ప్రధానంగా కంటితో వేటాడే చేప. పగటి వెలుతురులో, తేటనీటిలో మందమైన దారం, పెద్ద గాలం, ఎర అసహజంగా తిరగడం దీని దృష్టిని దాటిపోవు.

మూడవది అలజడి. సిడ్నీ రేవు నిత్యం ఫెర్రీలు, పడవలు తిరిగే చోటు. వారాంతాలలో ఒకే బోయా చుట్టూ అనేక పడవలు చేరతాయి. ఇంజను శబ్దం, పదేపదే ఎదురయ్యే ఒకే రకమైన ఎరలు గుంపును లోతుకు నెడతాయి. తెల్లవారుజామున, తొలి పడవల కంటే ముందు చేసే వేటకు ప్రాధాన్యం అందువల్లనే ఏర్పడింది.

5. ఎర ఎంపిక:

సిడ్నీ రేవులో కింగ్‌ఫిష్‌కు స్క్విడ్ శ్రేష్ఠమైన ఎరగా ప్రసిద్ధి. అందువల్ల కింగ్‌ఫిష్ వేట చాలా సందర్భాలలో స్క్విడ్ వేటతో మొదలవుతుంది. తెల్లవారుతుండగా సముద్రపు గడ్డి, నాచు పెరిగిన తక్కువ లోతు చోట్ల రొయ్య ఆకారపు కృత్రిమ ఎరతో స్క్విడ్‌ను పట్టి, పడవలోని నీటితొట్టిలో ప్రాణంతో ఉంచుతారు. ప్రాణమున్న స్క్విడ్ మొదటి ఎంపిక. అది లేనప్పుడు అప్పుడే పట్టిన స్క్విడ్‌ను పొడవైన పేలికలుగా కోస్తారు. మంచుగడ్డ కట్టించి నిల్వ చేసిన దానికంటే తాజా ఎరకే ఆదరణ ఎక్కువ.

పేలికను కోయడంలోను, గుచ్చడంలోను నేర్పు కావాలి. వెడల్పు పైభాగం నుంచి సన్నని కొనకు వచ్చేలా కోసి, పైకొనలో ఒక్కసారే గాలాన్ని గుచ్చితే అది నీటిలో ఈదుతున్నట్లు కదులుతుంది. మధ్యలో గుచ్చితే గిరగిర తిరుగుతుంది. తిరిగే ఎర దారాన్ని మెలివేస్తుంది, చేపకు అనుమానం కలిగిస్తుంది.

స్క్విడ్ దొరకని రోజున స్థానికులు ‘యాకా’ అని పిలిచే చిన్న చేపలను ప్రాణంతో గుచ్చుతారు. చిన్న చేపల గుంపులను కింగ్‌ఫిష్ వెంటాడుతున్నప్పుడు వాటి పరిమాణానికి సరిపడే, మెత్తని ప్లాస్టిక్‌తో చేసిన సన్నని ఎరను బరువు లేకుండా విసరడం ఉత్తమం. ఇక్కడ సూత్రం ఒక్కటే: చేప ఏమి తింటున్నదో చూడాలి, ఎర దానిని పోలి ఉండాలి.

6. దారం - గాలం:

గాలానికి ముందుండే కొసదారం ఈ వేటలో కీలకం. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. నైలాన్ దారానిది సుమారు 1.53 కాగా, ఫ్లోరోకార్బన్ దారానిది సుమారు 1.42. నీటికి దగ్గరగా ఉన్న విలువ కారణంగా ఫ్లోరోకార్బన్ నీటిలో తక్కువగా కనిపిస్తుంది.

చేప ముట్టనప్పుడు కొసదారాన్ని సన్నబరచడం వేటగాళ్ల అలవాటు. కాని ఇందులో ఒక చిక్కుంది. గాలం తగలగానే కింగ్‌ఫిష్ తన ఆధారం వైపు దూసుకుపోతుంది. గొలుసులకు, ఆల్చిప్పలు అంటుకున్న స్తంభాలకు దారం రాసుకుని తెగుతుంది. దారం సన్ననిదైతే చేప ఎరను పట్టే అవకాశం పెరుగుతుంది, అది చేతికి వచ్చే అవకాశం తగ్గుతుంది. తెగిన దారంతో, నోటిలో గాలంతో చేప వెళ్లిపోవడం వేటగాడి నష్టం మాత్రమే కాదు, ఆ చేపకూ హానికరం. కనుక ఆధారానికి దూరంగా ఎరను నడపగల చోటనే సన్నని దారం వాడడం వివేకం. గుండ్రంగా లోపలికి వంగిన ‘సర్కిల్’ గాలం చాలావరకు నోటి అంచునే పట్టుకుంటుంది. విడిచిపెట్టవలసిన చేపకు అది మేలు.

7. ఎరను నడిపే తీరు:

గుంపు లోతున ఉన్నప్పుడు ‘డౌన్‌రిగ్గర్’ అనే సాధనాన్ని వాడతారు. ఒక బరువైన సీసపు గుండును తీగకు కట్టి కావలసిన లోతుకు దింపుతారు. వేట దారాన్ని ఆ తీగకు ఒక పట్టీతో తగిలిస్తారు. చేప ఎరను అందుకోగానే పట్టీ విడిపోయి, వేటగాడికి, చేపకు మధ్య దారం మాత్రమే మిగులుతుంది. పడవను మనిషి నడకంత నెమ్మదిగా, ఆధారం చుట్టూ నడుపుతారు.

వెంట వచ్చి కూడా ఎరను అందుకోని చేప విషయంలో వేగాన్ని మార్చడం ఒక ఉపాయం. చేప దగ్గరకు వచ్చిందని ఎరను నెమ్మదింపజేస్తే దానికి పరిశీలించే సమయం దొరుకుతుంది. ఒక్కసారిగా వేగం పెంచితే, పారిపోతున్న ఆహారాన్ని వదులుకోలేక దూకే అవకాశం ఉంటుంది. గుంపులోని పోటీ కూడా వేటగాడికి తోడ్పడుతుంది. ఒక చేప గాలానికి తగిలినప్పుడు మిగిలినవి దాని వెంట వస్తాయి. ఆ క్షణంలో రెండవ ఎరను విసిరితే, అంతకుముందు నిరాకరించిన గుంపే దానిని అందుకోవచ్చు.

చేప ముక్కలను నీటిలో వెదజల్లి గుంపును రప్పించే పద్ధతి కూడా ఉంది. వెదజల్లడం మితంగా ఉండాలి. కడుపు నిండిన చేప ఎర వైపు చూడదు. ఈ పద్ధతి ఈ రేవుకు కొత్త కాదు. వలస పాలన తొలినాళ్ల రచనలు ఇక్కడి ఆదిమ జాతుల స్త్రీలు చిన్న పడవలలో గాలం వేసేవారని, నత్తగుల్లలను నమిలి నీటిలోకి ఉమ్మి చేపలను రప్పించేవారని తెలుపుతున్నాయి. వారి గాలాలు నత్తగుల్ల పెంకును అరగదీసి చేసినవి. పెంకు మెరుపే చేపను ఆకర్షించేది. ఎరకు, గాలానికి భేదం లేని ఆ సాధనం వెనుక దీర్ఘకాలపు పరిశీలన ఉంది.

8. పట్టిన తరువాత:

న్యూ సౌత్ వేల్స్ ప్రస్తుత నిబంధనల ప్రకారం ముట్టె నుంచి తోక కొన వరకు కనీసం 65 సెంటీమీటర్లు ఉన్న కింగ్‌ఫిష్‌నే ఉంచుకోవాలి. ఒక వ్యక్తి రోజుకు 5 చేపలకు మించి ఉంచుకోరాదు. మినహాయింపు ఉన్నవారు తప్ప మిగిలినవారు వేట రుసుము చెల్లించాలి. 65 సెంటీమీటర్లు దాటిన చేపలన్నీ గుడ్లు పెట్టినవి కావని గుర్తించాలి. ఆ తీరంలోని ఆడ చేపలు చాలావరకు 80 సెంటీమీటర్లు దాటిన తరువాతనే పరిపక్వతకు వస్తాయి. తేలియాడే బోను వలలతో కింగ్‌ఫిష్ విపరీతంగా పట్టుబడుతున్నదన్న ఆందోళన ఫలితంగా 1996లో ఆ బోనులను నిషేధించారు. నేడు రేవులో ఈ చేపకు గాలం వేయగలగడం వెనుక ఆ సంయమనం కూడా ఉంది.

తినే విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పూర్వపు పరిశ్రమల వ్యర్థాల వల్ల రేవు అడుగు మట్టిలో డయాక్సిన్లు చేరాయి. ఈ కారణంగా 2006లో రేవులో వాణిజ్య మత్స్యవేటను నిలిపివేశారు. హార్బర్ బ్రిడ్జికి పడమట పట్టిన ఏ చేపనూ తినరాదని, తూర్పున పట్టిన వాటిని పరిమితంగానే తినాలని అక్కడి ప్రభుత్వం సూచిస్తున్నది. పులుసు కూర కోసం చేపను ఇంటికి తెచ్చే కుటుంబాలు, ప్రత్యేకించి గర్భిణులు, పిల్లలు ఉన్న ఇళ్లవారు, అది ఎక్కడ పట్టినదో తప్పక తెలుసుకోవాలి.

9. ముగింపు:

కింగ్‌ఫిష్ ఎరను వదిలి వెళ్లిన ప్రతిసారీ ఒక వివరం తెలుస్తుంది: ఎర పెద్దది, దారం మందం, లోతు తప్పు, వేళ తప్పు, లేదా ఇంజను దగ్గరగా ఉంది. ఒక్కొక్క వివరాన్ని సరిదిద్దుకుంటూ వెళ్లడమే ఈ వేట. ఒకేసారి అన్నింటినీ మార్చేవాడికి చేప దొరికినా కారణం తెలియదు. ఒక్కదానిని మార్చి చూసేవాడికి చేప దొరకకపోయినా తెలివిడి దొరుకుతుంది.

తెలుగు జాతీయాలలోని గాలం, అవతలివాడి అమాయకత్వంపై ఆధారపడుతుంది. రేవులోని గాలం అవతలి ప్రాణి తెలివిని గుర్తించడంపై ఆధారపడుతుంది. మన తీరంలోని జాలరుల వేట పదజాలాన్ని సేకరించే పరిశోధకులు సాధనాల పేర్లతో పాటు, చేప ఎరను ముట్టని వేళ జాలరులు వాడే మాటలను కూడా నమోదు చేయడం అవసరం. నీటి గురించి వారికి గల జ్ఞానం ఆ మాటలలోనే ఎక్కువగా భద్రమై ఉంటుంది.