కుండీ మట్టి కంపు కొడితే ఏం చేయాలి?

వరండాలో కుండీలు కంపు కొడుతున్నాయి, వాటిని తీసి గోడ అవతల పారబోయాలి అని ఈ మధ్య కొందరు అంటున్నారు. కంపు మాట నిజమే, నేను కాదనను. తులసి కుండీ దగ్గరికి పోతే కుళ్ళిన గుడ్డు వాసన వస్తోంది. మనీప్లాంటు పెట్టిన నూనె డబ్బాలో మట్టి మీద దూది పరిచినట్టు తెల్లగా బూజు పట్టింది. కానీ తప్పు మొక్కది కాదు. ఆ మట్టికి ఊపిరి ఆడటం లేదు, అంతే. ఊపిరి ఆడేటట్టు చేస్తే కంపూ పోతుంది, మొక్కా బతుకుతుంది. ఇది చదివిన తర్వాత పారబోయాలో వద్దో మీరే చెప్పండి.

మట్టికి ఊపిరి ఏమిటి?

మట్టి గట్టిగా కనపడుతుంది గాని, మంచి మట్టిలో దాదాపు సగం ఖాళీయే. 100 పాళ్ళలో 50 పాళ్ళు రేణువులు అనుకుంటే మిగతా 50 పాళ్ళు సందులు. ఆ సందుల్లో సగం నీరు, సగం గాలి ఉంటే వేళ్ళకు హాయి. ఎందుకంటే వేళ్ళకు కూడా మనలాగే ఆక్సిజన్ కావాలి. మనం పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు నీళ్ళు పోస్తూ పోతే సందులన్నీ నీటితో నిండిపోతాయి. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అందుకని వేళ్ళకు ఆక్సిజన్ అందదు, అవి కుళ్ళుతాయి.

అప్పుడు గాలి లేనిచోట బతికే బాక్టీరియా పెరుగుతాయి. వాటిలో కొన్ని హైడ్రోజన్ సల్ఫైడు వాయువును తయారు చేస్తాయి. కెమిస్ట్రీ పాఠంలో కుళ్ళిన గుడ్డు వాసన అని చదువుకున్నది ఈ వాయువు గురించే.

మరి అడవిలో చెట్ల కింద కూడా ఆకులు కుళ్ళుతాయి కదా, అక్కడ కంపు ఎందుకు రాదు? అక్కడ మట్టి గుల్లగా ఉంటుంది. వానపాములు, చీమలు తవ్వుతూ ఉంటాయి. వాన నీరు దిగిపోతుంది, వెనకే గాలి పోతుంది. గాలి ఉన్నచోట వేరే సూక్ష్మజీవులు పని చేస్తాయి. తొలకరి వానకు వచ్చే కమ్మటి మట్టి వాసనలో ముఖ్యమైనది అవి తయారు చేసే జియోస్మిన్ అనే పదార్థం. 1965లో శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. ఆ సూక్ష్మజీవుల్లో స్ట్రెప్టోమైసిస్ అనే జాతి ముఖ్యం. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ మందు ఆ జాతి నుంచే తీశారు. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్. అప్పుడు ఆ లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు పెద్దగా ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కాబట్టి మట్టి అంటేనే అసహ్యం పడకూడదు. కమ్మటి వాసన వస్తే లోపల గాలి ఉన్నట్టు, కంపు వస్తే లేనట్టు.

బూజు సంగతి

బూజు ఒక శిలీంధ్రం. పాత రొట్టె మీద, ఊరగాయ మీద పట్టేదానికి చుట్టమే. అది ఎండుటాకులు, సగం మాగిన పేడ, అన్నం మెతుకులు తిని బతుకుతుంది. బతికి ఉన్న మొక్క జోలికి సాధారణంగా పోదు. కానీ పైమట్టి ఎప్పుడూ తడిగా ఉందని మనకు చెబుతుంది.

తెల్లగా ఉన్నదంతా బూజు కాదు. పుల్లతో గీకి చూడండి. దూదిలా మెత్తగా లేస్తే బూజు. ఉప్పులా గరగరలాడితే అది బోరు నీళ్ళలో ఉండే లవణం పేరుకున్నది. దాన్ని పైన గీకి తీసేస్తే చాలు.

మన దగ్గర కారణాలు

1) డబ్బాలకు, పగిలిన బకెట్లకు అడుగున బెజ్జాలు లేవు. కొన్నింటికి ఉన్నా, గచ్చుకు అంటుకుని మూసుకుపోయాయి.

2) ప్లేట్లు కడిగిన నీళ్ళు, మిగిలిన చారు, టీ పొడి కుండీల్లో పోస్తున్నారు. మొక్కకు బలం అనుకుంటారు. కానీ మెతుకులు, చక్కెర బాక్టీరియాకు, బూజుకే బలం.

3) చెరువు మట్టి ఒక్కటే నింపారు. అది బంక మట్టి, తడిస్తే ముద్ద అవుతుంది.

4) మట్టి కుండీలకు ఎనామిల్ పెయింటు వేశారు. మట్టి కుండీ గోడలోంచి కొంత తడి ఆరిపోతుంది. పెయింటు ఆ దారి మూసేస్తుంది. జాజు పూస్తే ఆ ఇబ్బంది లేదు.

ఇంకొక మాట. అడుగున కంకర వేస్తే నీళ్ళు దిగిపోతాయని చాలామంది అంటారు. అది సరి కాదు. తడి తువ్వాలు దండెం మీద వేసి చూడండి. పైభాగం ముందు ఆరుతుంది, కింది అంచులో నీరు చివరిదాకా ఉంటుంది. కుండీ మట్టిలోనూ అంతే, అడుగు భాగం ఎక్కువ తడిగా ఉంటుంది. కంకర వేస్తే ఆ తడి భాగం ఇంకా పైకి, వేళ్ళ దగ్గరికి వస్తుంది. బెజ్జం మీద ఒక్క పెంకు ముక్క పెడితే చాలు, మట్టి జారిపోకుండా.

బాగు చేసే పద్ధతి

బూజు మాత్రమే ఉండి, కంపు లేకపోతే పైన రెండు వేళ్ళ మందం మట్టి తీసేసి పొడి మట్టి వేయాలి. కుండీని గాలి, వెలుతురు తగిలేచోట పెట్టాలి. పైన ఆరేదాకా నీళ్ళు పోయకూడదు. మట్టి మీద తిరిగే చిన్న నల్ల ఈగలు కూడా దీంతో తగ్గుతాయి. పసుపు, బూడిద చల్లితే పైన బూజు తగ్గవచ్చు గాని, కింద తడి అలాగే ఉంటే మళ్ళీ వస్తుంది. బూడిద ఎక్కువైతే మట్టిలో క్షారం పెరుగుతుంది.

కంపు ఉంటే మొక్కను మట్టితో సహా మెల్లగా బయటికి తీయాలి. వేళ్ళు చూడండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి బతికి ఉన్నవి. గోధుమ రంగులో జిగురుగా ఉండి, పట్టుకుంటే తోలు ఊడి వచ్చేవి కుళ్ళినవి. వాటిని శుభ్రమైన బ్లేడుతో కోసేయాలి. డబ్బా అడుగున మేకుతో 4, 5 బెజ్జాలు కొట్టాలి. ఎర్రమట్టి 2 పాళ్ళు, ఇసుక 1 పాలు, బాగా మాగిన పేడ ఎరువు 1 పాలు కలిపి నింపాలి. మాగిన ఎరువు వాసన కొట్టదు, కొడితే ఇంకా మాగలేదని అర్థం. నాటిన తర్వాత ఒకసారి నీళ్ళు పోసి, అడుగు నుంచి కారిపోయాక కొన్ని రోజులు నీడలో పెట్టాలి. కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెడితే బెజ్జాలు మూసుకుపోవు. పాత మట్టిని గోనె మీద పరిచి, తిరగేస్తూ మూడు నాలుగు రోజులు ఎండబెట్టి పెరటి చెట్ల పాదుల్లో వేసుకోవచ్చు.

ఆ తర్వాత రోజూ పోయడం కాదు. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడాలి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు.

జాగ్రత్తలు

ఆయాసం ఉన్నవాళ్ళు, చిన్న తరగతుల పిల్లలు ఈ పనికి రావద్దు. బూజు సిద్ధబీజాలు గాలిలో లేచి ముక్కులోకి పోతాయి. పని చేసేవాళ్ళు బూజు మీద కొంచెం నీళ్ళు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని గీకాలి. చేతికి గాయం ఉంటే మట్టి ముట్టుకోవద్దు, ధనుర్వాతం క్రిములు మట్టిలో ఉంటాయి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. అందుకని వారానికి ఒకసారి తప్పకుండా ఒంపి, తోమి ఆరబెట్టాలి.

వార్డెన్ గారికి మనవి

సార్, ఈ మొక్కల్లో చాలావరకు సెలవులకు పోయినప్పుడు పిల్లలు ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నవి. కొత్తగా చేరిన చిన్నవాళ్ళు ఇల్లు గుర్తొచ్చినప్పుడు వాటి పక్కనే కూర్చుంటారు. పారబోయమనే ముందు రెండు ఆదివారాలు గడువు ఇవ్వండి. ఒక సుత్తి, నాలుగు మేకులు ఇప్పించండి. ప్లేట్లు కడిగే నీళ్ళు అరటి చెట్ల వైపు పోయేటట్టు కాలువ మేమే తవ్వుతాం. ఒక్కొక్క కుండీకి ఒక్కరి పేరే రాయండి, ఆ ఒక్కరే నీళ్ళు పోస్తారు. తులసి కుండీకి నా పేరు రాయండి.

– 9వ తరగతి, తోట కమిటీ