శనివారం అరటిపళ్లు

సిద్దిపేట దగ్గరి పల్లెలో మాది పెంకుటిల్లు. తెల్లవారుజామున కప్పుమీద దబదబా చప్పుడైతే అది వాన కాదని మాకు తెలుసు, అతిథులు వేంచేశారన్నమాట. ఒకటా, రెండా, ముప్పై దాకా కోతులు! ఏ పెంకు కింద ఏముందోనని ఎత్తి చూస్తాయి. చూస్తే చూశాయి, మళ్లీ పెట్టవు కదా! నిరుడు వానాకాలమంతా గిన్నెలు పరుచుకుని పడుకున్నాం.

పెరట్లో బీరపాదూ జామచెట్టూ పేరుకే మావి. పక్కింటి రైతు పల్లికాయ వేయడమే మానుకున్నాడు. కోతికి బుగ్గల్లో సంచులుంటాయి; తిన్నంత తిని, మరికొంత కుక్కుకుని, చెట్టెక్కి తీరిగ్గా నములుతుంది. అది తిన్నదానికంటే పీకి పారేసిందే ఎక్కువ.

నేనూ ఉపాయాలు పన్నాను లెండి. టపాకాయలు కాలిస్తే రెండు రోజులు బెదిరాయి. మూడోనాడు వేడుక చూడ్డానికి వచ్చాయి. కొండముచ్చు (మా వైపు కొండెంగ అంటాం) బొమ్మతో ఫ్లెక్సీ కడితే, వారం తిరక్కుండా దాని పక్కనే కూచుని పేలు చూసుకున్నాయి. నిజం కొండెంగనే తెచ్చి కట్టెయ్యమని ఒకాయన సలహా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకు ఒప్పుకోదు. 2015లో హరితహారం మొదలైనప్పుడు, మొక్కలు పెరిగితే వానలు తిరిగొస్తాయనీ, కోతులు తిరిగి అడవికి పోతాయనీ అన్నారు. చెట్టు కాయలు కాసేదాకా కోతి ఆగాలి కదా! 2020లో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. అక్కడ వాటికి సంతానం కలగకుండా ఆపరేషన్ చేస్తారు. మా ఊరి మంద ఇంకా చించోలి చూడలేదు.

అసలు చిక్కు మా అమ్మతో. ప్రతి శనివారం హనుమంతుడి పేర డజను అరటిపళ్లు గోడమీద పెట్టేది. ఊరందరికీ కోతులకు తిండి పెట్టవద్దని చెప్పే నాకు మా ఇంట్లోనే ఎదురు.

"నోరు లేని జీవాలు బిడ్డా. అడివంత మనమే కొట్టుకుంటిమి. గవేడికి వోతయి?" అంది.

జవాబు చెప్పలేకపోయాను. కానీ అడవిలో రోజంతా వెతికితే దొరికే తిండి గోడమీద నిమిషంలో దొరుకుతుంటే, పోదామన్నా వాటికి కాళ్లెలా ఆడతాయి?

మొన్న మాఘమాసంలో ఒక శనివారం పళ్లు పెట్టడం ఆలస్యమైంది. పెద్ద మగకోతి సంచీ పట్టి లాగింది. అమ్మ వదల్లేదు. ముంజేయి కరిచేసింది. అమ్మ పసుపు అద్దబోతే ఆపి, సబ్బుపెట్టి ధార నీళ్లకింద పావుగంట కడిగాను. తరువాత ఆస్పత్రి. పిచ్చికుక్క కరిస్తే వేసే టీకాయే కోతికాటుకూ వేస్తారు. దారిపొడుగునా, "సంచి ఇడిసిపెడితే అయిపోవు" అనుకుంటూనే ఉంది. కోతిని మాత్రం ఒక్క మాట అనలేదు.

మరుసటి శనివారం గోడమీద పళ్లు లేవు. కోతులు వచ్చి వరుసగా కూచున్నాయి. అమ్మ తలుపు వేసుకుని లోపలే ఉంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

నేను నిచ్చెన వేసుకుని పెంకులు సర్దుతుంటే కిందినుంచి, "పోయినయా?" అని అడిగింది.

"పోయినయమ్మా" అన్నాను.

చింతచెట్టు మీద ఇంకా పది దాకా ఉన్నాయి.