హైదరాబాదులో చెత్త నిర్వహణ

హైదరాబాదులో చెత్త నిర్వహణ అనగా నగరంలోని ఇళ్ళు, దుకాణాలు, హోటళ్ళు, మార్కెట్లనుండి వెలువడే ఘన వ్యర్థాలను సేకరించి, తరలించి, శుద్ధిచేసే ఏర్పాటు. నగరపు చెత్తలో అధికభాగం చాలాకాలంగా శివారులోని జవహర్‌నగర్‌కు చేరుతున్నది. చెత్త పుట్టే చోటు ఒకటి, చేరే చోటు మరొకటి కావటంవలన, దీనిపై అధికారం ఎవరికి ఉండాలన్నది వివాదాంశమైనది.

చట్టపరమైన నేపథ్యం

భారత రాజ్యాంగపు 74వ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దీని ద్వారా చేర్చబడిన 12వ షెడ్యూలులో ఘన వ్యర్థాల నిర్వహణ పురపాలక సంస్థలకు అప్పగించదగిన అంశంగా పేర్కొనబడింది. గ్రామాలలో పారిశుద్ధ్యం 11వ షెడ్యూలులోని పంచాయితీ అంశం. గోదావరి ఏజెన్సీలోని చింతూరు వంటి చోట చెత్త పుట్టేదీ, చేరేదీ సాధారణంగా ఒకే పంచాయితీ హద్దులలోనే. మహానగరానికి ఆ వీలు లేదు.

2000లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలు ఈ బాధ్యతను పురపాలక సంస్థలపై ఉంచాయి. 2016 నియమాలు తడి, పొడి, హానికర చెత్తలను ఇంటివద్దనే వేరుచేయవలసిన బాధ్యతను పౌరులపై కూడా ఉంచాయి.

బాధ్యతల పంపకం

12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయితీల విలీనంతో 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ ఏర్పడింది. 2009లో రాంకీ సంస్థతో ఒప్పందం కుదిరింది. 2015లో ఇంటింటి సేకరణకు స్వచ్ఛ ఆటోలు ప్రవేశపెట్టబడ్డాయి. జవహర్‌నగర్‌లో 2020లో చెత్తనుండి 19.8 మెగావాట్ల విద్యుత్తు తయారుచేసే కేంద్రం మొదలైంది.

జవహర్‌నగర్ సమస్య

గుట్టనుండి ఊరే మురుగు మల్కారం చెరువును, భూగర్భ జలాలను కలుషితం చేసింది. దుర్గంధంపై స్థానికులు పలుమార్లు ఆందోళన చేశారు. అయితే జవహర్‌నగర్ గ్రేటర్ పరిధికి వెలుపల ఉన్నందున 2009, 2016, 2020 నగరపాలక ఎన్నికలలో వారికి ఓటు లేకపోయింది. 2019లో అక్కడ వేరే నగరపాలక సంస్థ ఏర్పడినా, వచ్చే చెత్తపై నిర్ణయం మాత్రం దాని చేతిలో లేకపోయింది. 2025 డిసెంబరులో జవహర్‌నగర్ సహా 27 శివారు పట్టణ సంస్థలు గ్రేటర్‌లో విలీనం చేయబడ్డాయి.

భిన్నాభిప్రాయాలు

ఎన్నికైన సంస్థ చేతిలో అధికారం ఉంటే ప్రజలు దానిని నిలదీయగలరని కొందరి వాదన. యంత్రాలకు, పెట్టుబడికి ప్రైవేటు సంస్థలు అవసరమని మరికొందరి అభిప్రాయం. అయితే చెత్త పరిమాణాన్నిబట్టి చెల్లింపు జరిగే ఒప్పందాలలో చెత్తను తగ్గించే ఆసక్తి గుత్తేదారుకు ఉండదు. ఒక్కొక్క మండలం తన చెత్తను తానే శుద్ధిచేసుకుంటే భారం ఒక్క ఊరిపై పడదన్నది మూడవ వాదన. ఇందుకు నగరంలో స్థలాల కొరత ప్రధాన అడ్డంకి.