కొమ్మకు నక్షత్రం కట్టిన పండుగ

డిసెంబరు చలి మొదలైందంటే చాలు... వెదురు బద్దలు చీల్చేవాళ్లు కొందరు, మైదా పిండి ఉడికించి బంక కాచేవాళ్లు కొందరు, ఎర్ర కాగితం, పచ్చ కాగితం కత్తిరించేవాళ్లు ఇంకొందరు. పొద్దుగూకేసరికి ఇంటి ముందు అయిదు కోణాల నక్షత్రం వేలాడేది. లోపల చిన్న బల్బు. కరెంటు పోతే కిరసనాయిలు దీపం! ఇక చర్చిలో ఓ మూల, మట్టి నింపిన డబ్బాలో నిలబెట్టిన పచ్చని కొమ్మ. దానికి అక్కడక్కడా అంటించిన దూది. మంచు ఎరగని ఊళ్లో అదే మంచు, ఆ కొమ్మే క్రిస్మస్ చెట్టు.

ఇప్పుడు ఆ కొమ్మ కోసం ఎవరూ గొడ్డలి పట్టుకుని వెళ్లడంలేదు. అట్టపెట్టె విప్పి, మడతలు సరిచేసి నిలబెడితే అయిదు నిమిషాల్లో చెట్టు సిద్ధం. పని తగ్గింది. దానితోపాటే నలుగురూ ఒకచోట కూర్చునే ఆ సాయంత్రాలూ తగ్గాయి.

చెట్ల బడి ఉన్న ఊరు

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటి ముందుకెళితే ములుగు వస్తుంది. మేడారం జాతర జరిగే ములుగు కాదిది, సిద్దిపేట జిల్లాలోని ములుగు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది మెదక్ జిల్లాలోనే ఉండేది. కూరగాయల మార్కెట్‌కు పేరుపడిన వంటిమామిడి ఈ మండలంలోనిదే. ఆ ఊరి పేరులోనే చెట్టు ఉంది చూడండి!

ఇప్పుడు ములుగుకు చెట్లతో ఇంకో చుట్టరికం కలిసింది. అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. 2019 డిసెంబరులో దాని ప్రాంగణం ప్రారంభమైంది. కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో వెలసిన ఉద్యాన విశ్వవిద్యాలయమూ ములుగులోనే. ఏ నేలకు ఏ చెట్టు నప్పుతుందో చెప్పే చదువులన్నమాట. ఇక క్రిస్మస్ జ్ఞాపకాల మాటకొస్తే, ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్ల చూపు మళ్లేది మెదక్ వైపే.

కరువులోంచి లేచిన శిఖరం

మెదక్ చర్చి కథ పండుగతో కాదు, ఆకలితో మొదలవుతుంది. వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1895లో సికింద్రాబాద్ వచ్చారు. మొదట బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేసి, తర్వాత మెదక్ చేరారు. కరువు రోజుల్లో తిండి కోసం అల్లాడుతున్న జనానికి ఊరికే పెట్టేకన్నా పని చూపించి అన్నం పెట్టడం మేలనుకున్నారాయన. అలా 1914లో మొదలైంది చర్చి నిర్మాణం. పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున తలుపులు తెరిచారు.

దాని శిఖరం ఎత్తు 175 అడుగులు. లోపల అయిదు వేల మంది దాకా కూర్చోవచ్చు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీలు అసలు ఆకర్షణ. క్రీస్తు ఆరోహణం, జననం, సిలువ... మూడు ఘట్టాలు. చిత్రమేమిటంటే అవి పగటి వెలుతురులోనే కనిపిస్తాయి. పొద్దు వాలితే బొమ్మా మాయమవుతుంది. ఎన్ని దీపాలు పెట్టినా లోపలివాళ్లకు కనిపించదు. బయటి నుంచి సూర్యుడు వెలిగించాల్సిందే!

క్రిస్మస్ రోజున తెల్లవారకముందే ఇక్కడ ఆరాధన మొదలవుతుంది. క్రైస్తవులే కాదు, హిందువులూ ముస్లింలూ పిల్లాపాపలతో వచ్చి చూసివెళతారు. 2024 డిసెంబరు 25కు చర్చికి నూరేళ్లు నిండాయి. మెతుకు కోసం రాళ్లెత్తిన కూలీల పేర్లు ఏ పలక మీదా వెతకనక్కర్లేదు. వాళ్ల మునిమనవలు ఆ గోడల కిందే కొత్త బట్టలు కట్టుకుని నిలబడతారు. ఈ జిల్లాలో క్రిస్మస్ అంటే అందుకే కేకుకంటే ముందు అన్నం గుర్తొస్తుంది. ఇంట్లో అప్పాలూ గరిజెలూ చేస్తే పక్కింటికి గిన్నె వెళ్లాల్సిందే. సంక్రాంతికి అటునుంచి సకినాలు రావాల్సిందే.

ఆపిల్ పండ్ల నుంచి కరెంటు బల్బుల దాకా

ఇంతకీ క్రిస్మస్‌కు చెట్టెందుకు? ఇది జర్మన్ భాష మాట్లాడే ప్రాంతాల ఆచారం. స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్లలో చెట్లు నిలబెట్టి, కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు కడుతున్నారని 1605 నాటి రాత ఒకటి చెబుతోంది. విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను 1848లో లండన్ పత్రిక ఒకటి అచ్చేసింది. ఇంకేముంది, అది ఇంగ్లండ్ అంతటా వేలంవెర్రి అయింది. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకు 80 కరెంటు బల్బులు చుట్టాడు. మన ఇళ్ల ముందు మెరిసే సీరియల్ బల్బులకు తాత అదే!

అయితే అక్కడి చెట్లు ఫర్, స్ప్రూస్ జాతులవి. చలిదేశాల బిడ్డలు. మే నెల ఎండకు తెలంగాణలో బతకవు. మరి మనవాళ్లేం చేశారు? చేతికందిన పచ్చదనాన్నే క్రిస్మస్ చెట్టు చేసుకున్నారు.

సర్వి కొమ్మ చేసిన సేవ

తెలుగు నేల మీద ఆ అదృష్టం ఎక్కువగా దక్కింది సరుగుడు చెట్టుకు. తెలంగాణలో సర్వి అంటారు. స్లాబు వేసేటప్పుడు కింద ఆసరాగా నిలబెట్టే సర్వి కట్టెలు ఈ చెట్టువే. చూడ్డానికి పైన్ చెట్టులా ఉంటుందిగానీ దానికీ దీనికీ సంబంధం లేదు. సూదుల్లా కనిపించేవి ఆకులు కానేకాదు, సన్నని రెమ్మలు. ఆ రెమ్మల కణుపుల దగ్గర ఉండే బుల్లి పొలుసులే అసలు ఆకులు. వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తుంది కూడా. అందుకే ఇసుక నేలలోనూ ఎదుగుతుంది.

కోస్తాలో సరుగుడు తోటలున్నచోట కొమ్మకు కొదవ లేదు. లోపలి ఊళ్లలో దొరక్కపోతే ఏ పచ్చని కొమ్మ అయినా సరే. రంగు కాగితాల గొలుసులు, అగ్గిపెట్టెలకు మెరుపు కాగితం చుట్టి చేసిన కానుకలు, చివరన అట్టముక్క నక్షత్రం. వారం తిరిగేసరికి రెమ్మలు రాలిపోయేవి. ఊడ్చి పొయ్యిలో వేసేవారు. పండుగ చెట్టు ఇంటికి చెత్త మిగిల్చేది కాదు.

కుండీలోకి వచ్చిన అతిథి

ఇప్పుడు నర్సరీలో ‘క్రిస్మస్ చెట్టు ఉందా?’ అని అడిగితే చూపించేది అరకేరియా. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చాపుకొని గొడుగుల మీద గొడుగులు పేర్చినట్లుంటుంది. దీని సొంతూరు పసిఫిక్ మహాసముద్రంలోని నార్‌ఫోక్ దీవి. దీని దగ్గరి బంధువైన కుక్ పైన్‌ది న్యూ కాలెడోనియా. 1774లో కెప్టెన్ కుక్ ఓడ వెళ్లింది ఈ దీవులకే. నర్సరీల్లో ఈ రెండూ ఒకే పేరుతో అమ్ముడుపోతుంటాయి.

ఈ కుక్ పైన్‌కో వింత అలవాటుంది. నిటారుగా పెరగదు, భూమధ్యరేఖ వైపు ఒరుగుతుంది! ప్రపంచంలోని వేర్వేరు ప్రాంతాల్లో 256 చెట్లను కొలిచి 2017లో శాస్త్రవేత్తలు తేల్చిన సంగతిది. సగటు వాలు ఎనిమిది డిగ్రీల పైమాటే. అంటే మన దగ్గర నాటితే దక్షిణం వైపు వంగుతుందన్నమాట.

కొని తెచ్చుకున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. దీని ప్రాణమంతా నడినెత్తిన ఉన్న మొగ్గలోనే. అది విరిగితే చెట్టు రూపం చెడుతుంది. పక్క కొమ్మను కత్తిరించి నాటితే అది పైకి లేవదు, అడ్డంగానే పాకుతుంది. అందుకే బరువైన నక్షత్రాన్ని కొసకు కట్టకూడదు. కింద పుల్ల పాతి దానికి కట్టడం మేలు. వేడెక్కే బల్బులు చుట్టొద్దు. కుండీలో నీరు నిలవకూడదు. వెలుతురు ఉండాలి కానీ ఎండాకాలం మధ్యాహ్నాలు నీడ పట్టున పెట్టాలి. ఇంత చేస్తే వచ్చే ఏడూ అదే చెట్టు, ఆ పై ఏడూ అదే చెట్టు.

మడత విప్పే చెట్టు

మరి ప్లాస్టిక్ చెట్టు? దాని సుఖం దానికుంది. నీళ్లక్కర్లేదు, రాలదు, ఏటా వాడుకోవచ్చు. నిజానికి కృత్రిమ చెట్టు కొత్తదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే జర్మనీలో బాతు ఈకలకు పచ్చరంగు వేసి చెట్లు తయారుచేశారు. ఉన్న ప్లాస్టిక్ చెట్టును పదేళ్లు వాడుకుంటే తప్పు లేదు. రెండేళ్లకే విసిరేసి కొత్తది కొంటేనే చిక్కు. పాత కొమ్మలా అది పొయ్యిలో వేసేది కాదు, మట్టిలో కలిసేదీ కాదు.

అసలు నష్టం చెత్త ఒక్కటే కాదు. కొమ్మ తేవడానికి నలుగురు కుర్రాళ్లు కావాలి. నక్షత్రం అంటించడానికి పిల్లలు కావాలి. వంకరగా నిలబడితే సరిచేయడానికి ఓ పెద్దాయన కావాలి. రాత్రి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే బృందానికి టీ కాచే అమ్మ కావాలి. చెట్టు చుట్టూ ఊరు చేరడమే పండుగ.

దానికి దారి కష్టమేమీ కాదు. చర్చి ఆవరణలో ఒక మొక్క నాటి, ఏటా దానికే దీపాలు కడితే సరి. సర్వి కావచ్చు, వేప కావచ్చు, కానుగ కావచ్చు. నక్షత్రం కట్టాక ఏ చెట్టయినా క్రిస్మస్ చెట్టే! ఈ ఏడాది నీళ్లు పోసిన పిల్లలే రేపు తమ పిల్లలకు దాన్ని చూపించి, ‘ఇది మా చేతులతో పెట్టిందే’ అని చెప్పుకోవచ్చు.