పెళ్లి పోయింది, కార్డు ఉంటుందా?

రాజంపేట చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి సంబంధం మాట వచ్చినప్పుడు "అబ్బాయి యాడుండాడు?" అని అడిగితే, పరాయి దేశమైతే రెండు పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి కువైట్, ఇంకోటి అమెరికా. కువైట్ దారి పాతది. డ్రైవర్లు, తాపీ పనివాళ్లు, ఇంటిపనికి పోయే ఆడవాళ్లు దశాబ్దాలుగా తొక్కిన దారి. అమెరికా దారి ఇంజనీరింగ్ చదువులతో తెరుచుకుంది. 1998లో ఊరి పక్కనే బోయనపల్లిలో అన్నమాచార్య ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాక ఆ చదువు ఇంటి ముంగిటికే వచ్చింది.

అమెరికా సంబంధమైతే ఆడపిల్లవాళ్లు జీతం అడుగుతారు, ఇల్లు కొన్నాడా అని అడుగుతారు. ఈమధ్య ఇంకాస్త తెలివిమీరి "హెచ్-1బీనా, గ్రీన్ కార్డా, సిటిజనా?" అని కూడా అడుగుతున్నారు. అమ్మాయి చేతికి ఏ కాగితం వస్తుంది, రేపు కాపురం చెడితే ఆ కాగితం ఏమవుతుంది అని మాత్రం అడిగేవాళ్లుండరు. శుభమా అని తాంబూలాలు పుచ్చుకునే చోట ఆ మాట తీస్తే పెద్దవాళ్లు ఊరుకోరు. కానీ విడాకుల రోజున ఆమె ఆ దేశంలో ఉండాలా, విమానమెక్కాలా అన్నది తేల్చేది ఆ కాగితమే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. కువైట్‌లో ఇంటిపనికి ఖాదిం వీసా మీద పోయిన రాజంపేట ఆడమనిషికి ఊళ్లో మొగుడితో విడాకులైనా అకామాకు, అంటే అక్కడి నివాస అనుమతికి ఏమీ కాదు. అది కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న స్పాన్సర్ పేరుతో ముడిపడిన కాగితం. ఆ ఇంటి యజమానికి కోపం వస్తే పోతుందే తప్ప భర్తకు కోపం వస్తే పోదు. భర్త స్పాన్సర్‌షిప్ మీద, అంటే 22వ నంబరు అకామా మీద పోయిన భార్య సంగతి వేరు. అలాంటివాళ్లు ఈ ప్రాంతం నుంచి తక్కువ. 2024 జనవరిలో కువైట్ కుటుంబ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు భర్తకు నెలకు కనీసం 800 దినార్ల జీతం ఉండాలని షరతు పెట్టింది. డ్రైవరు పని చేసేవాడికి అది అందే లెక్క కాదు. అంటే, చదువురాని ఇంటిపని మనిషి వీసా భర్త చేతిలో లేదు గానీ, బీటెక్ చదివి డాలస్‌లో కాపురం పెట్టిన అమ్మాయి వీసా చాలాసార్లు భర్త చేతిలోనే ఉంటుంది.

చాలాసార్లే గాని అన్నిసార్లూ కాదు. అమెరికా కాగితాల్లో ఈ తేడా తెలియకే ఎందరో భయపడుతుంటారు.

అమెరికన్ పౌరుణ్ని పెళ్లాడిన అమ్మాయికి గ్రీన్ కార్డు వచ్చేనాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే ఆమెకు దక్కేది షరతులతో కూడిన నివాస హోదా. కార్డు చూడటానికి మామూలుదే. పనిచేసుకోవచ్చు, ఊరికి వచ్చిపోవచ్చు. కాకపోతే పదేళ్లకు బదులు రెండేళ్లకే గడువు తీరుతుంది, దాని మీద సీఆర్ అనే అక్షరాలుంటాయి. గడువు తీరేలోపలి 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి ఐ-751 అనే అర్జీ పంపితే షరతు ఎత్తేస్తారు.

ఈ షరతు 1986 నవంబరు 10న వచ్చిన చట్టంతో మొదలైంది. కార్డు కోసం దొంగ పెళ్లిళ్లు జరుగుతున్నాయని, పెళ్లి కేసుల్లో 30 శాతం దాకా బూటకమేనని అప్పటి ఇమ్మిగ్రేషన్ అధికారులు అమెరికా కాంగ్రెస్ ముందు చెప్పారు. ఆ లెక్క తర్వాత పరీక్షకు నిలబడలేదు, చట్టం మాత్రం నిలబడింది. మొదట్లో అది మరీ కఠినంగా ఉండేది. విడాకులైతే వలస వచ్చిన వ్యక్తే సరైన కారణం చూపి విడిపోయి ఉండాలి. భర్తే ముందుగా విడాకులు తీసుకుంటే భార్యకు దారి మూసుకుపోయేది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1990లో ఆ మాట తీసేశారు. ఇప్పుడు విడాకులు ఎవరు కోరారు, తప్పెవరిది అన్నది ప్రశ్న కాదు. పెళ్లి చేసుకున్న రోజున అది నిజమైన పెళ్లేనా అన్నదే ప్రశ్న.

"నేను సంతకం పెట్టకపోతే నీ కార్డు పోతుంది, మూటాముల్లె సర్దుకో" అనే బెదిరింపు అమెరికా తెలుగు ఇళ్లలో కొత్త కాదు. షరతు కార్డు విషయంలో ఆ బెదిరింపులో సగమే నిజం. భర్త సంతకం లేకపోతే ఉమ్మడి అర్జీ కుదరదు. కానీ అదే ఐ-751 ఫారంలో ఒంటరిగా మినహాయింపు కోరే గళ్లున్నాయి. మంచి మనసుతో చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసిందని ఒకటి. కొట్టడమో, తీవ్రమైన క్రూరత్వమో జరిగిందని ఇంకోటి. వెనక్కి పంపితే తట్టుకోలేని కష్టం కలుగుతుందని మరొకటి. భర్త చనిపోయినా ఒంటరిగా అర్జీ పెట్టుకోవచ్చు. ఈ మినహాయింపులకు 90 రోజుల కిటికీ కోసం ఎదురుచూడక్కర్లేదు. కార్డు వచ్చిన ఆరు నెలలకే కాపురం విరిగిపోయినా అడగవచ్చు.

క్రూరత్వం గడికి విడాకుల డిక్రీ అవసరం లేదు. ఒళ్లు కమిలేలా కొట్టి ఉండాలనీ లేదు. డబ్బు చేతికి ఇవ్వకపోవడం, ఫోను లాక్కోవడం, గడప దాటనివ్వకపోవడం, రోజూ దేశం నుంచి పంపిస్తానని బెదిరించడం కూడా కలిపి తూకం వేస్తారు. పోలీసు రిపోర్టు, డాక్టరు చీటీ, కౌన్సెలర్ రాసిచ్చిన మాట, ఆ రాత్రి అక్కకు పంపిన వాట్సాప్ సందేశం సాక్ష్యాలౌతాయి. పరువు పోతుందని ఇవన్నీ చెరిపేసుకోవడం మన ఇళ్లలో అలవాటు. ఆ అలవాటు కేసును చంపుతుంది.

విడాకుల మినహాయింపుకు సాక్ష్యం వేరే రకం. ఇద్దరి పేరుతో బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, కలిసి వేసిన పన్ను రిటర్నులు, ఇన్సూరెన్సులో భార్య పేరు, పిల్లలుంటే జనన పత్రం అడుగుతారు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఇల్లు, కారు, కరెంటు బిల్లు సమస్తం అబ్బాయి పేరునే ఉండటం తెలుగు కాపురాల్లో మామూలు. రెండేళ్లు వండి వడ్డించినా ఆమె పేరుతో ఒక్క కాగితం ఉండదు. అలాంటప్పుడు రాజంపేటలో ఉన్నవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వీడియో, చదివింపుల పుస్తకం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించిన పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం జాగ్రత్త చేసి పంపడం. రాష్ట్రంలో పెళ్లి రిజిస్ట్రేషన్ 2002 చట్టంతో తప్పనిసరైంది. బూటకపు పెళ్లికి ఊరంతా బంతిభోజనం పెట్టరని అధికారికీ తెలుసు.

అర్జీ అందిన రసీదే కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తుంది. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న పద్ధతి ఇది. ఆలోగా ఉద్యోగం చేసుకోవచ్చు. ఉమ్మడిగా అర్జీ పెట్టాక విడిపోతే, డిక్రీ చూపించి అదే అర్జీని ఒంటరి అర్జీగా మార్చమని కోరవచ్చు. అర్జీయే పెట్టకుండా కూర్చుంటే మాత్రం హోదా తనంతట తానే పోతుంది, ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందుకు పిలుపు వస్తుంది.

ఇక డిక్రీ దగ్గర అసలు ముడి. విడాకుల గడి నింపాలంటే కేసు నడుస్తోందంటే చాలదు, తుది డిక్రీ చేతిలో ఉండాలి. టెక్సస్‌లో ఆరు నెలలు కాపురమున్నవాళ్లు అక్కడ కేసు వేయవచ్చు, వేశాక కనీసం 60 రోజులు ఆగాలి. కాలిఫోర్నియాలో ఆ ఆగడం ఆరు నెలలు. హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ ఒప్పుకున్నా సరే ముందు ఏడాది విడిగా ఉండాలి, కేసు వేశాక ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలను కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఒకరు ఒప్పుకోకపోతే ఏళ్లు పడుతుంది. రెండేళ్ల కార్డున్న మనిషి అన్నేళ్లు ఆగలేక అమెరికా కోర్టు వైపే చూస్తుంది. మరి ఆ డిక్రీ మన దగ్గర చెల్లుతుందా?

ఈ ప్రశ్నకు దేశమంతటికీ జవాబు చెప్పించిన కేసు రాజంపేటకు రైలు దూరంలోనే పుట్టింది. 1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో ఒక పెళ్లి జరిగింది. 1978 జులైలో దంపతులు విడిపోయారు. భర్త మొదట తిరుపతి సబ్ కోర్టులో విడాకులకు వేశాడు. అది నడుస్తుండగానే అమెరికాలో మిసోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో మరో కేసు వేసి, 1980 ఫిబ్రవరిలో భార్య హాజరు లేకుండానే డిక్రీ తెచ్చుకున్నాడు. 1981 నవంబరులో యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండు పెళ్లిళ్ల నేరం కింద ఫిర్యాదు చేసింది. పదేళ్లు కోర్టులు తిరిగాక, 1991 జులై 9న జస్టిస్ పి.బి. సావంత్ రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ మిసోరి డిక్రీ ఇక్కడ చెల్లదంది. విదేశీ విడాకులు చెల్లాలంటే ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టంలో ఉన్న కారణం మీదే ఇచ్చి ఉండాలి. పైగా అవతలి వ్యక్తి స్థిరంగా అక్కడే ఉంటూ ఉండాలి, లేదా తనకు తానుగా హాజరై వాదించి ఉండాలి. ఈ కట్టుబాట్లకు లోబడనిది చెల్లాలంటే అవతలి వ్యక్తి ఆ విడాకులకు ఒప్పుకొని ఉండాలి.

దీని ఫలితం చాలామంది ఊహకు అందదు. ఒకే స్త్రీ అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీసు లెక్కలో విడాకులు పొందినది, కడప జిల్లా కోర్టు లెక్కలో ఇంకా భార్యే కావచ్చు. డిక్రీ ఆమె కార్డును కాపాడుతుంది గానీ, ఊరికి వచ్చి మళ్లీ పెళ్లి చేసుకుంటే కొత్త చిక్కు తెస్తుంది. అందుకే ఇద్దరికీ విడిపోవడం ఇష్టమైతే ఆ సమ్మతి డిక్రీలో స్పష్టంగా రాయించుకోవడం మంచిది.

షరతు కార్డు కూడా లేనివాళ్ల సంగతి ఇంతకంటే కష్టం. హెచ్-1బీ భర్త వెంట హెచ్-4 మీద పోయిన భార్యకు డిక్రీ వచ్చిన రోజే హోదా ముగుస్తుంది. 60 రోజుల వెసులుబాటు ఉద్యోగం పోయిన సందర్భానికే గాని విడాకులకు కాదు. 2015 నుంచి హెచ్-4 భార్యల్లో కొందరికి దొరుకుతున్న పని అనుమతి కూడా ఆ హోదాతోపాటే పోతుంది. ఆమె విద్యార్థి వీసాకో సొంత హెచ్-1బీకో మారాలనుకుంటే డిక్రీ రాకముందే అర్జీ పెట్టాలి. షరతు కార్డు మనిషికి డిక్రీ త్వరగా రావాలి, హెచ్-4 మనిషికి ఆలస్యంగా రావాలి. లాయరును కలిసినప్పుడు తమది ఏ కాగితమో మొదటే చెప్పాల్సింది ఇందుకే.

భర్త ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డు ఇంకో రకం. భారతీయులకు ఆ వరుస ఏళ్ల తరబడి సాగుతుంది. కార్డు చేతికి రాకముందు విడిపోతే ఆమె ఆ వరుసలోంచి తప్పుకున్నట్టే. వచ్చాక విడిపోతే దిగుల్లేదు, అది షరతులు లేని పదేళ్ల కార్డు.

మరో సంగతి ఊళ్లోనే జరుగుతుంది. చెల్లెలి పెళ్లికో ఒంటిమిట్ట కల్యాణానికో అని భార్యను తీసుకొచ్చి, పుట్టింట దింపి, పాస్‌పోర్టు, కార్డు పట్టుకుని భర్త ఒక్కడే విమానమెక్కడం. హెచ్-4 మనిషైతే అతని సహకారం లేకుండా తిరిగిపోవడం దాదాపు అసాధ్యం. గ్రీన్ కార్డు, అది షరతుదైనా సరే, ఉన్న మనిషికి మాత్రం దారి ఉంది. పోలీసు ఫిర్యాదు చేసి, కొత్త పాస్‌పోర్టు తీసుకుని, హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో ఐ-131ఏ ఫారం పెడితే విమానమెక్కే అనుమతి ఇస్తారు. దేశం విడిచి ఏడాది దాటకూడదు. దాటితే వేరే వీసా, వేరే విచారణ. పెద్దమనుషుల పంచాయితీలో "అల్లుడి మనసు మారుతుందిలే" అనుకుంటూ గడిపే నెలలన్నీ ఆ ఏడాదిలోంచే తరిగిపోతాయి. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్నారై పెళ్లిళ్ల ఫిర్యాదుల కోసం ప్రత్యేక విభాగం ఉంది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

పౌరసత్వం సంగతికొస్తే, అమెరికన్ పౌరుడి భార్యగా మూడేళ్లకే అర్జీ పెట్టుకునే వీలు విడాకులతో పోతుంది, అందరిలాగే ఐదేళ్లు ఆగాలి. ఆ ఐదేళ్లను షరతు కార్డు వచ్చిన తేదీ నుంచే లెక్కిస్తారు. ఇక భర్త సంతకం చేసి మరిచిపోయే కాగితం ఐ-864. భార్యను తెచ్చుకునేటప్పుడు, ఆమె ఆదాయం అమెరికా పేదరిక రేఖకు 125 శాతం కంటే తగ్గకుండా చూస్తానని అందులో రాసిస్తాడు. విడాకులతో ఆ పూచీ పోదు. ఆమె పౌరురాలయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ల పనికాలం ఆమె లెక్కలో పడేదాకా, లేదా దేశం వదిలిపోయేదాకా ఉంటుంది. ఆలోగా ఆమె కోర్టుకెళ్లి ఆ డబ్బు రాబట్టుకోవచ్చు.